ఆఖర్లో ఏమవుతుందో తెలుసా?

మా బాబాయికి ఒకే ఒక్క జబ్బు. సినిమా చూసి బయటికొచ్చాడంటే, దాని ముగింపు కనీసం పదిమందికి చెప్తేగానీ ఆయనకి తిన్నది అరగదు. అదీ తప్పు ముగింపు.

ముగింపులు చెప్పేసేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లని చూసి చెవులు మూసుకుంటాం, వెనకాల తిట్టుకుంటాం, అక్కడితో సరి. కానీ మా బాబాయి చెప్పిన ముగింపు పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా, పొరపాటునైనా, నిజం కాలేదు. గుడ్డిగా చెప్పినా పదింటికి ఒకటైనా తగలాలి కదా! ఆయనకి అదీ తగల్లేదు.

"హాల్లో నిద్రపోతాడు, బయటికొచ్చి తనకొచ్చిన కల చెప్తాడు" అని వీధి మొత్తం తీర్మానించేసింది. ఆయన కూడా కాదనేవాడు కాదు. "ఏమో, మధ్యలో కాస్త కునుకు పట్టిందేమో" అని తల గోక్కునేవాడు. అలా ఆయనకి క్లైమాక్స్ బాబాయి అని పేరు స్థిరపడిపోయింది.

బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. ఆయన షాపంటే ఒక బల్ల, ఒక కుర్చీ, గోడ నిండా టిక్కుటిక్కుమంటూ తలోమాట చెప్పే గడియారాలు. ఎడమ కంటికి చిన్న భూతద్దం గొట్టం బిగించుకుని రోజంతా వంగి కూర్చుంటాడు. ఆ గొట్టం తీయడం మరిచిపోయి సినిమాకి వెళ్లిన రోజులూ ఉన్నాయి. పక్క సీటావిడ ఒకసారి ఆయన్ని చూసి భయపడి వరస మారిపోయిందట. శుక్రవారం మధ్యాహ్నం ఆటకి "ఇప్పుడే వస్తాను" అని బోర్డు తగిలించి వెళ్తాడు. ఆయన లెక్కలో ఇప్పుడే అంటే రెండున్నర గంటలు.

తిరిగొచ్చి ముందుగా సెలూన్‌లో దూరతాడు. గడ్డానికి సబ్బు పూయించుకున్నవాళ్లు లేచి పారిపోలేరని ఆయనకి బాగా తెలుసు.

"లాయరు సినిమా చూశాను" అన్నాడొకసారి.

"చెప్పకండి బాబాయ్‌గారూ! ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం" అని సెలూన్ ఆయన కత్తి పట్టుకునే దండం పెట్టాడు.

"ఆఖర్లో ఏమవుతుందో తెలుసా? హంతకుడు ఎవరో కాదు, జడ్జిగారే!"

కుర్చీలో ఉన్నాయన ఉసూరుమన్నాడు. సెలూన్ ఆయన ఆ గడ్డం సగమే గీసి చతికిలబడ్డాడు. ఆదివారం వాళ్లంతా వెళ్లి, రెండు గంటల పాటు జడ్జిని గుచ్చిగుచ్చి చూస్తూ కూర్చున్నారు. చివర్లో హంతకుడు పాలవాడని తేలేసరికి హాలు మొత్తంలో వీళ్లే సీట్లలోంచి ఎగిరిపడ్డారట. సోమవారం పొద్దున్నే సెలూన్ ఆయన బాబాయిని నిలదీశాడు.

"జడ్జి అన్నారు?"

"కాదా?"

"పాలవాడండీ!"

"అలాగా! చూశావా, కునుకు ఎంత పని చేసిందో!"

ఈ సంగతి నాకు చెప్పి సెలూన్ ఆయన కడుపుబ్బ నవ్వాడు. ఈ మధ్య చూసినవాటిలో అంత మజా ఇచ్చిన సినిమా లేదని కూడా అన్నాడు.

ముగింపులు కాక బాబాయికి సినిమాల మీద వేరే అభిప్రాయాలు లేవా అంటే, బోలెడున్నాయి. అన్నీ గడియారాల గురించే. "దీవి సినిమా బాగుందిరా. కానీ హీరో మూడు రోజులు సముద్రంలో ఈది ఒడ్డుకొచ్చాడా, చేతి గడియారం నడుస్తూనే ఉంది! అదే నా దగ్గరికొస్తే విప్పి రెండు రోజులు ఆరబెట్టాలి." ఇంకో ప్రేమ సినిమా గురించి: "ఆ అమ్మాయి గదిలో గోడ గడియారం ఆరు పాటలైనా పదీ పది దగ్గరే ఉంది. అంతసేపు ఏడ్చే బదులు ఒకసారి కీ ఇవ్వొచ్చుగా." పోలీసు సినిమా ఆయనకి అస్సలు నచ్చలేదు. బాంబుకి కట్టిన గడియారం ముల్లు వెనక్కి తిరిగిందట.

ఆయన షాపుకి సరిగ్గా ఎదురుగా నాది, డీవీడీలు అద్దెకిచ్చే షాపు. నా తలనొప్పి ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. ఎవరైనా ఒక డబ్బా చేతిలోకి తీసుకోగానే రోడ్డవతల నుంచి కేక వినిపించేది. "అదా? ఆఖర్లో ఏమవుతుందో తెలుసా?"

దీనికి తోడు మా వీధిలో బ్యాంకు క్యాషియరు ఒకాయన ఉన్నాడు. ఆయనా శుక్రవారమే చూసేస్తాడు. ఆయన చెప్పేవి మాత్రం నిజం ముగింపులు, వివరాలతో సహా. ఓ సాయంత్రం, నా షాపుకి కొత్తగా వచ్చిన కవలల సినిమా డబ్బా గురించి, ఇద్దరూ నా మెట్ల మీదే తగులుకున్నారు.

"కవలల్లో పెద్దవాడు చనిపోతాడు" అన్నాడు క్యాషియరు.

"ఛ, ఛ! పెద్దవాడు పెళ్లి చేసుకుంటాడు. చనిపోయేది మామగారు" అన్నాడు బాబాయి.

"సినిమాలో మామగారే లేడండీ!"

"మీరు పాప్‌కార్న్‌కి వెళ్లినప్పుడు వచ్చాడు."

చుట్టూ ఉన్నవాళ్లకి ఎవరిది నిజమో అంతుపట్టలేదు. క్యాషియరు ముఖం ఎర్రబడింది. మరుసటి రోజు ఆ డబ్బా కోసం నలుగురు వరసలో నిలబడ్డారు. వ్యాపారం బాగానే ఉంది కదా అని నేనూ నోరు మూసుకున్నాను.

నేను నోరు తెరవాల్సివచ్చింది మా అమ్మ కోసం.

మా అమ్మకి సినిమాలంటే ప్రాణం. నాతో ఈ షాపు పెట్టించింది కూడా నేను బాగుపడతానని కాదు, డబ్బాలు ఇంటికొస్తాయని. అలాంటిది పోయినేడు అమ్మ గుండె కాస్త గాడి తప్పింది. డాక్టరు మందులిచ్చి, "అన్నీ చేసుకోవచ్చమ్మా, ఒక్కటే జాగ్రత్త. ఉలిక్కిపడకూడదు" అన్నారు.

"సినిమాలు?" అంది అమ్మ వెంటనే. మందుల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

"ఉలిక్కిపడనివి చూడండి."

ఉలిక్కిపడనివి ఎక్కడ దొరుకుతాయి? ఏరి ఏరి ఒక హాస్య సినిమా తెచ్చాను. అందులో పుట్టినరోజు సీనులో బెలూను పేలింది. అమ్మ ఛాతీ పట్టుకుంది. మేము ఆటోలో డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఏమీ కాలేదుగానీ, ఆ రోజు నుంచి అమ్మకి బెరుకు పట్టుకుంది. టీవీ ముందు కూర్చుంటే చాలు, ఎక్కడ ఏం పేలుతుందోనని చేతులు బిగుసుకుపోయేవి. మొక్కల పెంపకం మీద ఒక డిస్కు తెస్తే, "మొక్కలు పెరగడం కిటికీలోంచి చూస్తాలేరా" అని పక్కన పెట్టేసింది. మనిషి డీలా పడిపోయింది.

సరిగ్గా అప్పుడు ఊడిపడ్డాడు బాబాయి. "వదినా, కొత్త సినిమా చూశాను, ఆఖర్లో ఏమవుతుందో..."

నేను ఆయన రెక్క పట్టుకుని వీధి గుమ్మం దాకా తీసుకొచ్చాను.

"నీకు దండం పెడతాను బాబాయ్. అమ్మ మళ్లీ సినిమా చూడటమే గగనమైపోయింది. నువ్వు పిచ్చి పిచ్చి ముగింపులు చెప్తే, ఏదో అనుకుని ఇంకేదో అయ్యి, అక్కడే ఉలిక్కిపడుతుంది. ఆవిడ కుదుటపడేదాకా ఈ ఇంట్లో అడుగు పెట్టకు."

ఎగిరిపడతాడనుకున్నాను. ఆయన కాసేపు తన చేతి గడియారం వైపు చూసుకున్నాడు.

"సరేరా. కానీ ఒక్క మాట. వదినకి ఏ డబ్బా ఇచ్చినా ముందు నాకివ్వు. ఒక్కరోజు. నేను చూసి తిరిగిచ్చాకే ఇంటికి పట్టుకెళ్లు."

ఎంత స్వార్థం, ఇలాంటప్పుడు కూడా కొత్త సినిమా ముందు తనే చూడాలా అనుకున్నాను. పెద్దాయనతో వాదన ఎందుకని ఒప్పుకున్నాను.

ఆ తర్వాతే విచిత్రం మొదలైంది. అమ్మ మళ్లీ సినిమాలు చూడసాగింది. మొదట ఒక ప్రేమ కథ, తర్వాత దీవి సినిమా, ఆ తర్వాత ఏకంగా దయ్యాల సినిమా! నేను గుండె చిక్కబట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. తెర మీద దయ్యం పైకప్పులోంచి ఊడిపడింది. అరిచింది నేను. అమ్మ బఠానీలు వలుస్తూ, "కాస్త తప్పుకోరా, కనబడట్లేదు" అంది.

నెల తిరిగేసరికి డాక్టరు రక్తపోటు రెండుసార్లు చూసి, "బ్రహ్మాండంగా ఉంది. ధ్యానం లాంటిదేమైనా చేస్తున్నారా?" అన్నారు.

"దయ్యాల సినిమాలు చూస్తున్నానండీ" అంది అమ్మ. డాక్టరు నావైపు జాలిగా చూశారు.

ఈ ఘనతంతా నాదేనని, బాబాయిని గడప తొక్కనివ్వకపోవడం వల్లే అమ్మ కోలుకుందని ఇద్దరు ముగ్గురితో చెప్పుకున్నాను కూడా.

ఒక ఆదివారం బాబాయి జలుబుతో పడుకున్నాడు. కొత్త డబ్బా ఒకటి వచ్చింది, దొంగల సినిమా. ఒకసారి వరస తప్పితే ఏమవుతుందిలే అని నేరుగా ఇంటికి పట్టుకెళ్లాను. అమ్మ డబ్బా తెరిచింది. మూతకి తొడిగిన బొమ్మ కాగితం వెనక్కి వేలు పోనిచ్చి తడిమింది. మళ్లీ మూసేసింది.

"ఇది వద్దురా."

"ఏం? డిస్కు బాగానే ఉందిగా!"

"మీ బాబాయి చూశాడా?"

"లేదు. జలుబు చేసింది."

"అయితే తగ్గాక చూస్తాన్లే."

నాకు ఏమీ అర్థం కాలేదు. అమ్మ ఒక నిమిషం తటపటాయించి, అలమారాలోంచి బిస్కెట్ల డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. దాన్నిండా మడతపెట్టిన చిన్న చిన్న కాగితాలు. గడియారాలకి కట్టే చీటీలవి. వాటి మీద చీమల బారు లాంటి బాబాయి రాత.

"వదినకి. దీవి సినిమా. 41వ నిమిషం: తలుపు దబ్బున పడుతుంది. గాలి. ఎవరూ లేరు. గంటా 12: పాము. గంటా 13: పాము వెళ్లిపోతుంది. కుక్క ఆఖరిదాకా బతికే ఉంటుంది. ఓడ వస్తుంది, అందరూ ఎక్కుతారు, వంటవాడు తప్ప. వాడు మంచివాడు కాదు, బాధపడకు."

"ప్రేమ సినిమా. గంటన్నర నుంచి ఏడుపు. ఉలికిపాటు లేదు. ఏడవొద్దని డాక్టరు చెప్పలేదుగా, కానివ్వు."

"దయ్యం 56వ నిమిషంలో పైకప్పులోంచి పడుతుంది. అబ్బాయి ఇంట్లో ఉంటే వాణ్ని ఆ టైముకి బయటికి పంపు, వాడు పిరికివాడు."

వాటి మధ్యలో ఉంది లాయరు సినిమా చీటీ. "హంతకుడు పాలవాడు. రెండు గంటలా ఏడో నిమిషంలో బల్ల కింది నుంచి లేస్తాడు. ఆరో నిమిషంలో మంచినీళ్లు తాగి కూర్చో."

"ముందే తెలిస్తే నాకు భయముండదురా. హాయిగా కథ చూసుకుంటాను" అంది అమ్మ. "నీకు చెప్తే ఈ డబ్బాలు కూడా ఆపేస్తావేమోనని చెప్పలేదు."

బాబాయిని గుమ్మం దగ్గర ఆపేసి, వారానికి మూడుసార్లు నా సంచీలోనే మోసుకొచ్చి ఇంట్లో దింపానన్నమాట. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది కూడా.

మర్నాడు ఆయన షాపులో నిలబడ్డాను. మఫ్లరు చుట్టుకుని, గొట్టం బిగించిన కన్నుతోనే నన్ను చూశాడు.

"నువ్వు హాల్లో ఏనాడూ నిద్రపోలేదు" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"అమ్మ చీటీలు చూపించింది. పాలవాడు ఏ నిమిషంలో లేస్తాడో కూడా తెలుసు నీకు! మరి అందరికీ జడ్జి అని ఎందుకు చెప్పావ్?"

ముక్కు తుడుచుకుని, చేతిలో ఉన్న గడియారం మూత నిదానంగా బిగించాడు.

"ఆ క్యాషియరు ఉన్నాడుగా. మనం వద్దన్నా చెప్తాడు. నోరు మూయించలేం. అందుకని నేను ఇంకోటి చెప్తాను. ఏది నిజమో తెలియక జనం వెళ్లి చూస్తారు, చూసి ఎగిరిపడతారు. సెలూన్ అతను ఎంత సంబరపడ్డాడో చూశావుగా."

"కానీ పన్నెండేళ్ల నుంచి వీధి మొత్తం నిన్ను చూసి నవ్వుతోంది బాబాయ్!"

"నవ్వితే మంచిదేగా. సినిమా బాలేకపోయినా అదొకటి మిగులుతుంది వాళ్లకి."

"ఇవాళ భోజనానికి ఇంటికి రా" అన్నాను.

"నిషేధం?"

"ఎత్తేశాను."

వచ్చాడు, అమ్మ పక్కన కూర్చుని తిన్నాడు, గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుందని నన్ను తిట్టాడు. వెళ్తూ వెళ్తూ దొంగల సినిమా డబ్బా పట్టుకెళ్లాడు.

రెండు రోజుల తర్వాత డబ్బా తిరిగొచ్చింది. షాపులో ఎవరూ లేరు. దొంగ ఎవరో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అటూ ఇటూ చూసి, బొమ్మ కాగితం వెనక్కి వేలు పోనిచ్చాను. రెండు చీటీలు తగిలాయి. ఒకటి అమ్మది, గమ్ముతో అంటించేసి ఉంది. రెండోదాని మీద నా కోసం రాసి ఉంది.

"ఒరేయ్, నీ గుండె గట్టిదే. నువ్వు చూసి తెలుసుకో."

తలెత్తి చూశాను. రోడ్డవతల ఒంటి కంటికి గొట్టంతో బాబాయి నావైపే చూస్తున్నాడు. నేను చూడటం చూసి, వీధి వీధంతా వినబడేలా కేకేశాడు.

"ఆఖర్లో ఏమవుతుందో తెలుసా? దొంగ జైలరే!"

జైలరు కాదన్నమాట. అంతవరకు ఖాయం.