తలుపుకు కట్టిన యాపకొమ్మ

హఫీజ్‌పేట్ల ఉండే ఫిట్టర్ వీరేశం రష్యా పోలేదు. మూడు ముక్కల్ల చెప్పాలంటే కత గింతే. పోనోని కత ఎందుకు చెప్తున్నవని అడుగుతరేమో. పోయొచ్చినోళ్లు వాళ్ల కత వాళ్లే చెప్పుకుంటరు, ఆపమన్నా ఆపరు. పోనోని దిక్కు ఎవలు మాట్లాడాలె?

బాలానగర్ దిక్కు రష్యావాళ్లొచ్చి నిలబెట్టిన మందుల కార్ఖానల వీరేశానికి కొలువు. మిషన్లు వాళ్లవే, మరమ్మతు నేర్పేది వాళ్లే. డెబ్బయి నాలుగుల, ఎండలు ముదరకముందే, ట్రైనింగుకు రష్యా పంపేటోళ్లల్ల వీరేశం పేరొచ్చింది. వికారాబాద్ దాటి ఎరుగని మనిషి. ఆ దినం సైకిల్‌ను వాడు తొక్కిండో, సైకిలే వాన్ని మోసుకొచ్చిందో వానికే తెల్వదు.

ట్రైనింగ్ ఆఫీసరు కామేశ్వరరావు సారు ఆంధ్ర దిక్కు మనిషి, మంచోడు. ఆయన గదిల గోడకు రష్యా పటం వేలాడుతుండె. తిండి గంట కొట్టంగనే వీరేశం దాని ముంగట పోయి నిలబడేది.

"ఏమయ్యా, అక్కడికెళ్ళి ఏం చూద్దామని?" అని సారు అడిగిండు.

"అన్నీ సూస్త సార్."

"అన్నీ అంటే ఈ జన్మకు కుదరదయ్యా. ఆ దేశంలో ఒక కొసన తెల్లారేసరికి ఇంకో కొసన ముందురోజు పొద్దు ఇంకా గుంకనే గుంకదు. ఓ మూల మంచు, ఓ మూల ఇసుక. ఏదో ఒకటి ఎంచుకో."

ఎంచుకున్నడు. మాస్కోల మంచు చూడాలె. సెలవు దొరికిందంటే రైలెక్కి తాష్కెంట్ పోవాలె. ఆడ పత్తి పండుతదట, ఖర్బూజలు పండుతయట, పెద్దమనుషులు టోపీలు పెట్టుకోని పలావు తింటరట.

"తాష్కెంట్ మన చార్మినార్ లెక్కనే ఉంటదంట" అని పెండ్లాం రుక్కమ్మకు చెప్పిండు.

"గదే సూసేదుంటే బస్సెక్కితే సరిపాయె గద" అన్నది రుక్కమ్మ. అన్నదే గాని, ఎల్లిపాయ కారం దంచవట్టింది, చింతపండు గింజలు తీసి మూటలు కట్టవట్టింది.

జుమ్మేరాత్ బజార్ల పాత ఉన్నికోటు కొన్నడు. ఎవడో భారీ మనిషి తొడిగి ఇడిసింది, చేతులు వేళ్లను మింగేసేటివి. చలికి ఆగుతదో లేదో సూస్త అని మండుటెండల అది తొడుక్కోని వాకిట్ల తిరిగిండు. చెమటలు కారిపోతున్నయి. తల్లి సత్తెమ్మ "పిచ్చి లేసిందార కొడుకా" అని కడుపు పట్టుకోని నవ్వింది. ఆ ఇంట్ల ముగ్గురు కలిసి నవ్వుకున్నది నాకు తెలిసి గదే ఆఖరు.

విమానం ఎక్కాలంటే మసూచి టీకా ఏసుకున్నట్టు కాయితం కావాలె. ఊరందరికి ఆ టీకా చిన్నప్పుడే అయింది, వీరేశానికి కాలే. దాని ఎనుక ఒక కత ఉన్నది. వీరేశం అక్కకు చిన్నతనంల అమ్మవారు పోసింది. సత్తెమ్మ తలుపుకు యాపకొమ్మ కట్టింది. తల్లి వచ్చిన ఇల్లిది, ఎవలు లోపలికి రావొద్దని చెప్పే గుర్తు అది. వీరేశం తండ్రి కోపిష్టి. కొమ్మ కడితే రోగం పోతదా అని పీకి వాకిట్లకు ఇసిరిండు. తెల్లారేసరికి పిల్ల పోయింది. పీకినందుకే పోయిందని సత్తెమ్మ నమ్మకం. అప్పటి సంది టీకాలోళ్లు ఊర్లెకు వస్తున్నరంటె చాలు, మిగిలిన ఒక్క కొడుకును వడ్ల గుమ్మిల దాచేది.

గుమ్మిల దాగినోడు ఇంత వయసొచ్చినంక దవాఖానకు పోయి చెయ్యి చాపిండు. మొదటిసారి ఏసుకున్న టీకా గద, ఒళ్లు కాలిపోయే జరమొచ్చింది. చెయ్యి వాచింది. మెడ మీద, ఛాతి మీద సుత పొక్కులు లేసినయి. మూల్గుకుంట పండుకున్నడు. పొద్దుగాల లేచి చూస్తే తలుపుకు పచ్చటి యాపకొమ్మ, ఇంట్ల తాలింపు బంద్, గడప నిండ పసుపు నీళ్లు.

"అవ్వా, ఇది టీకా జరమే. కొమ్మ తీసెయ్" అన్నడు.

"టీకా ఏస్తే మాత్రం పొక్కు పెట్టేది ఎవలు బిడ్డా? తల్లి గాదా?" అన్నది సత్తెమ్మ.

వీరేశం కొమ్మ దాక చెయ్యి లేపిండు. మల్ల దించిండు. మందుల కార్ఖానల పనిచేసేటోడు, రష్యా పోయేటోడు, ఒక్క కొమ్మ పీకలేకపోయిండు. తిట్టుండ్రి, నేను సుత తిట్టిన. కాని అక్క పోయిన నాడు వాకిట్ల పడి ఉన్న కొమ్మ వాని కండ్లల్లకెళ్లి ఎన్నడు పోలే.

ఆ యేడు సర్కారోళ్లు మసూచిని ఎతుక్కుంట ఊరూరు తిరుగుతున్నరు. వాళ్లకు ఇంటింటికి పోయి అడిగే పని లేదు, యాపకొమ్మ కనవడ్డ కాడ ఆగుడే. వీరేశం ఇంటి ముంగట సుత ఆగిన్రు. పొక్కులు చూసిన్రు, పొక్కు మీది చెక్కు గీకి పరీక్షకు పంపిన్రు, వాకిట్ల కావలి మనిషిని కూసోబెట్టిన్రు. రిపోర్టు వచ్చేదాక లోపలోళ్లు బయటికి పోవొద్దు, బయటోళ్లు లోపలికి రావొద్దు.

"టీకా పొక్కులు సార్, నా చెయ్యి సూడుండ్రి" అని వీరేశం దండం పెట్టిండు.

"మరి తలుపుకు కొమ్మ ఎందుకు కట్టుకున్నవయ్యా? అమ్మవారని మీ ఇల్లే చెప్తుంటే మేమేం చేయాలె?" అన్నడు వచ్చినాయన.



దినాలు గడుస్తున్నయి, రిపోర్టు జాడ లేదు. ఒక సాయంత్రం కామేశ్వరరావు సారు వచ్చి, కావలి మనిషి అవతలనే సైకిల్ పట్టుకోని నిలబడ్డడు.

"ఇంక ఆగేట్టు లేదయ్యా. నీ బదులు సాయిలును పంపుతున్నారు."

సాయిలు వీరేశం పక్క మిషన్ మీద పనిచేసేటోడు.

"మల్ల పంపుతరా సార్?"

ఆ సారుది అబద్ధం ఆడే మొఖం గాదు. "ఇదే ఆఖరి బ్యాచ్ వీరేశం" అన్నడు.

వీరేశం లోపలికి పోయి కోటు పట్టుకొచ్చిండు. "సాయిలు కాడ కోటు లేదు సార్. గిదన్న పోనియ్యుండ్రి." కావలి మనిషి కట్టె అడ్డం పెట్టిండు. ఈ ఇంట్లకెళ్లి గుడ్డపీలిక బయటికి పోవొద్దన్నడు. సారు తల దించుకోని సైకిలెక్కిండు. వీరేశం కోటుల మొఖం పెట్టి ఏడ్చిండు. రుక్కమ్మ ఊకుంచలే, ఆమెకే దుఃఖం ఆగలే.

విమానం పోయినంక రిపోర్టు వచ్చింది. టీకా పొక్కులేనట. సత్తెమ్మ పోచమ్మకు బోనం తీసింది, నా కొడుకు దక్కిండని ఎదురైనోళ్లందరికి చెప్పింది. "గా దేశం యాడికి పోతది బిడ్డా, ఆడనే ఉంటది, మల్ల పోదువు" అన్నది. వీరేశం "ఔ అవ్వా" అన్నడు. ఏమని కోపం చేస్తడు? కట్టింది ఆమె, ఉండనిచ్చింది తను.

సాయిలు తిరిగొచ్చినంక వీరేశం ఒక్కటే అడిగిండు. "తాష్కెంట్ పోయినవా?"

"యాడ పోత అన్నా, గా చలికి గది దాటబుద్ధి గాలే. సెలవులన్నీ పండుకునుడే" అన్నడు సాయిలు.

కోటు సత్తెమ్మకు చలికాలం దుప్పటి అయింది. ఆమె పోయిననాడు సుత అదే కప్పి ఉండె.

ఇంకొన్నేండ్లకు మసూచి దేశంల లేకుండ పోయిందని రేడియోల చెప్పిన్రు. ఆ ఎనుక ఒక ఎండాకాలం వీరేశం చిన్న బిడ్డకు ఆటలమ్మ పోసింది. పిల్ల జరంల ఏదేదో మాట్లాడుతున్నది. వీరేశం బయటికి పోయి, యాపకొమ్మ ఇరుసుకొచ్చి, తలుపుకు కట్టవట్టిండు.

రుక్కమ్మ గడపల నిలబడి చూసింది. "నువ్వే కడ్తున్నవా?"

"పీకే ధైర్నం ఉంటే ఆనాడే రష్యా పోయేటోన్ని గద" అన్నడు.

ముడి గట్టిగనే ఏసిండు.