పోగు తెగిన చప్పుడు

ఆ ఈమెయిల్ వచ్చినప్పుడు మంజుశ్రీ అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల మీద ఉంది. పొద్దున తొమ్మిదిన్నర. జనం తోసుకుంటూ దిగుతున్నారు. ఆమె గోడ పక్కకు జరిగి ఫోన్ తెరిచింది. తను తయారు చేసిన ‘పోగు’ అనే ఫోన్ గేమ్‌ను యాప్ స్టోర్ నుంచి తీసేశారు. కారణం ఒక్క వాక్యం: తెర మీద ఏమీ కనిపించడం లేదు కాబట్టి యాప్ పనిచేయనట్టే లెక్క. కింద పేరు లేదు, సంతకం లేదు, ఫోన్ నంబరూ లేదు.

తెర మీద ఏమీ కనిపించని మాట నిజమే. అది చూసి ఆడే గేమ్ కాదు.

మంజుశ్రీ వాళ్లది సిరిసిల్ల. తల్లి మంగవ్వ పెళ్లికి ముందు సాంచాల కార్ఖానాలో, అంటే మరమగ్గాల దగ్గర, కండెలకు నూలు చుట్టేది. తండ్రి అంబదాస్ హైదరాబాద్ వచ్చి, ఎర్రగడ్డలో అద్దెకుంటున్న ఇంటి ముందు గదిలోనే టైలర్ షాపు పెట్టుకున్నాడు. మంజుశ్రీ డిగ్రీ అయ్యాక మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి, ఆరేళ్లు ఒక కంపెనీలో పని చేసింది. ఆ ఆరేళ్లలోనే మంగవ్వకు షుగర్ ముదిరి కొద్దికొద్దిగా చూపు పోయింది.

ఒక మధ్యాహ్నం ముందు గదిలో కుట్టుమిషన్ నడుస్తుంటే, లోపల మంచం మీద కూర్చున్న మంగవ్వ కేకేసింది. “ఓ మంజు బాపూ, దారం తెగింది. జర చూసుకో.”

అంబదాస్ వంగి చూశాడు. సూదిలో దారం లేదు. “నీకెట్ల తెలిసిందే?”

“చప్పుడు మారింది గద. నలభై సాంచాల నడుమ పని చేసినదాన్ని, గీ ఒక్క మిషన్ వినపడదా నాకు?”

అప్పుడు మంజుశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. ‘పోగు’ అక్కడ పుట్టింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే నలభై సాంచాలు ఒక్కసారిగా మోగుతాయి. ఏదో ఒకదాని మీద పోగు తెగుతుంది. ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి మారిందో విని, తెర మీద ఆ దిక్కున వేలు పెట్టాలి. ఉద్యోగం మానేసి, సిరిసిల్ల వెళ్లి చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చి, రెండేళ్లు దాని మీదే కూర్చుంది. విడుదలైన ఆరు నెలల్లో పదకొండు వేల మంది దాన్ని ఫోన్లలో దింపుకున్నారు. వాళ్లలో సగానికి పైగా చూపు లేనివాళ్లే. రాజమండ్రి నుంచి వీర్రాజు అనే రిటైర్డ్ సంగీతం మాస్టారు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, గేమ్‌లో ఏ లెవెల్ దాటారో చెప్పేవారు.

ఇలాంటి గేమ్ ఫోన్‌లోకి రావడానికి దాదాపు ఒకటే తలుపు, ఆ స్టోర్. అక్కడ లేకపోతే లోకంలో లేనట్టే.

మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులోని చిన్న గదిని మంజుశ్రీ మరో ఇద్దరితో కలిసి అద్దెకు తీసుకుంది. అనుదీప్ పిల్లలకు అక్షరాలు నేర్పే గేమ్‌లు చేస్తాడు. మధులత క్యారమ్స్ గేమ్ చేసింది. ముగ్గురికీ ఒకటే ఇంటర్నెట్, ఒకటే టీ కెటిల్. ఒకరి గేమ్ మరొకరు ఆడి తప్పులు పట్టేవారు. అందుకోసం మధులత తన స్టోర్ ఖాతాలో మంజుశ్రీ పేరును కూడా చేర్చింది.

మంజుశ్రీ ఆ రోజే అప్పీలు రాసింది. ఇది చూపు లేనివారి కోసం చేసిన గేమ్ అనీ, తెర నల్లగా ఉండడం తప్పు కాదనీ వివరంగా రాసింది. నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. ఆమె రాసినది చదవడానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. జవాబులో మొదటి వాక్యమే మళ్లీ ఉంది.

వారం తర్వాత ఆమె గేమ్ ముందు ఒక సాంచా బొమ్మ పెట్టి తిరిగి పంపింది. ఈసారి కారణం మారింది. బొమ్మలో చూపినది లోపల లేదు, వాడేవారిని మోసం చేస్తున్నారు అన్నారు. దాని కింద కొత్తగా ఇంకో పేరా ఉంది. ఇది రెండో ఉల్లంఘన. మూడోది జరిగితే ఖాతా శాశ్వతంగా మూసేస్తాం, దానితో సంబంధం ఉన్న ఇతర ఖాతాలను కూడా మూసేస్తాం. సవరించడానికి ఏడు రోజులు గడువు.

ఆ పేరా మంజుశ్రీ గదిలో గట్టిగా చదివింది. 

అనుదీప్ కుర్చీలోంచి లేచాడు. “సంబంధం ఉన్న ఖాతాలంటే ఏంది అక్కా? ఒకటే ఇంటర్నెట్ వాడుతున్నం, అది సుత సంబంధమేనా?”

“తెల్వదు, అనుదీప్. ఎక్కడ రాసి లేదు.”

“తెల్వదంటే ఎట్లక్కా? నా ఇల్లు నడిచేది గా గేమ్‌ల మీదనే. నా భార్య అనుపమకు ఇప్పుడు ఎనిమిదో నెల.”

మధులత లాప్‌టాప్ తన వైపు తిప్పుకొని ఏదో నొక్కింది. నిమిషంలో మంజుశ్రీ ఫోన్ మోగింది. మధులత ఖాతాలోంచి ఆమె పేరు తీసేసినట్టు సందేశం. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం కూడా లేదు.

“ఏమనుకోకక్కా,” అంది మధులత, తల ఎత్తకుండా. “మస్తు భయమైతుంది.”

మంజుశ్రీకి కోపం రాలేదు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది. తనే వాళ్ల స్థానంలో ఉంటే అదే చేసి ఉండేది. లాప్‌టాప్, వైర్లు సంచిలో వేసుకొని మెట్లు దిగింది.

ఆ రోజు నుంచి ఫోన్ మోగితే భయం. మోగకపోతే అంతకన్నా దిగులు. గేమ్ ఆడేవాళ్లు ఫోన్లు చేస్తుంటే ఎత్తడం మానేసింది. వీర్రాజు మాస్టారు వాయిస్ మెసేజ్ పెట్టారు: “ఏంటమ్మా, మన గేమ్ దొరకట్లేదు? మా అంధుల సంఘంలో నలుగురు అడుగుతున్నారు. నువ్వు బాగానే ఉన్నావు కదా?” ఆమె అది మూడుసార్లు విన్నది, జవాబు పెట్టలేకపోయింది.

గడువులో మూడో రోజు పంజాగుట్టలో ఒక హోటల్లో గేమ్‌లు చేసేవాళ్ల సమావేశం ఉందని తెలిసింది. స్టోర్ తరఫున హనుమత్ప్రసాద్ అనే ఆయన మాట్లాడతాడట. ఇన్నాళ్లకు ఒక మనిషి. మంజుశ్రీ వెనక వరుసలో కూర్చుంది. ఆయన గంటసేపు నవ్వుతూ, తెర మీద బొమ్మలు చూపిస్తూ, చిన్నవాళ్లకు ఎంత మంచి కాలం వచ్చిందో చెప్పాడు. చప్పట్లయ్యాక ఆమె భోజనాల దగ్గర ఆయన్ను పట్టుకుంది. ఫోన్‌లో స్టోర్ నుంచి వచ్చిన ఈమెయిళ్లన్నీ చూపించింది.

ఆయన చదివాడు. నవ్వు పోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇది నా డిపార్ట్‌మెంట్ కాదండి.”

“ఎవరిదో చెప్పుండ్రి సర్, వాళ్లనే అడుగుత.”

“నిజం చెప్పనా? ఎవరిదో నాకూ తెలీదు. పోయిన ఏడాది మా తమ్ముడి యాప్ ఇలాగే పోయింది. లోపలి నుంచి నేనే రాశాను. మీకొచ్చిన జవాబే నాకూ వచ్చింది.” ప్లేటు బల్ల మీద పెట్టేశాడు. “నేనీ మాట చెప్పానని ఎక్కడా రాయకండి. ప్లీజ్.”

ఆయన మళ్లీ జనంలోకి వెళ్లిపోయాడు. లోపల ఉన్నవాడే ఇంత భయపడుతుంటే తనెంత అనిపించింది మంజుశ్రీకి. బయటికొచ్చి పంజాగుట్ట చౌరస్తాలో చాలాసేపు నిలబడింది. సిగ్నల్ పడుతోంది, పోతోంది. ఎర్రగడ్డ వైపు వెళ్లే బస్సులు ఆమె ముందునుంచే పోయాయి.

ఇంటికెళ్లాక మంగవ్వ పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. మంగవ్వ ఓపికగా విన్నది.

“మనిషి లేడు అంటున్నవు. మరి మన గేమ్‌ను చూసేదెవరు?”

“మిషన్ అమ్మా. తెర మీద ఏదన్న కదిలితేనే గేమ్ ఉన్నదనుకుంటది.”

“అయితే దానికి కదిలేది చూపెట్టు. మాకు అడ్డం రాకపోతె సాలు.”

తర్వాతి మూడు రోజులూ మంజుశ్రీ బొమ్మలు గీసింది. నలభై సాంచాలు, వాటి మీద రంగు రంగుల పోగులు, తెగినప్పుడు ఎగిరే దారం. ఆడేవారికి వాటితో ఏ అవసరమూ లేదు. బొమ్మల బరువుకు పాత ఫోన్లలో గేమ్ నెమ్మదిస్తుందని తెలుసు. కొందరు ఆడలేకపోతారనీ తెలుసు. చేతులు ఆగలేదు. ఏడో రోజు పొద్దున స్టోర్‌కు పంపింది. ఇంక మార్చడానికి ఏమీ లేదు.

సాయంత్రం నాలుగింటికి ఈమెయిల్ వచ్చింది. మంజుశ్రీ ఫోన్ చేతిలో పట్టుకొని గోడకు ఆనుకుంది. తెరవలేకపోయింది. ముందు గదిలో అంబదాస్ మిషన్ ఆపేశాడు.

“ఇటు తే,” అంది మంగవ్వ. కూతురి ఫోన్ తీసుకొని, తను రోజూ తన ఫోన్‌తో చేసేట్టే, గట్టిగా చదివి వినిపించే ఏర్పాటును నొక్కింది. ఇంగ్లిష్‌లో ఆడగొంతు ఒకటి గబగబా చదవడం మొదలుపెట్టింది. మంజుశ్రీ కళ్లు మూసుకుంది. ప్రియమైన డెవలపర్, అంది ఆ గొంతు. తర్వాత ఏవో నిబంధనల నంబర్లు. మంగవ్వకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కూతురి మణికట్టు మాత్రం గట్టిగా పట్టుకుంది.

“ఏమన్నది బిడ్డా?”

“ఒప్పుకున్నరు,” అంది మంజుశ్రీ. ఆ వెంటనే ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తోందనుకొని అంబదాస్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఏది తప్పయిందో, ఇప్పుడు ఏది ఒప్పయిందో స్టోర్ చెప్పలేదు. రెండు ఉల్లంఘనలు ఖాతాలో అలాగే ఉన్నాయి. గేమ్ తిరిగొచ్చిందని వీర్రాజు మాస్టారికి ఫోన్ చేస్తే, ఆయన ఆనందపడి, మర్నాడు తనే ఫోన్ చేశారు. “నా పాత ఫోన్‌లో ఆగిపోతోందమ్మా. ఏం మార్చావు?” ఆమె క్షమించమంది. ఆ బొమ్మలు తీసేస్తే మూడో ఉల్లంఘన పడుతుందేమోనని, వాటి జోలికి ఇంతవరకు వెళ్లలేదు.

అనుదీప్‌కు కూతురు పుట్టింది. ఫోటో పంపాడు. గదికి రమ్మని మాత్రం అనలేదు. మంజుశ్రీ ఇప్పుడు ఎర్రగడ్డలోనే, తండ్రి షాపు వెనక చిన్న బల్ల మీద పని చేసుకుంటోంది. ఇంకో గేమ్ కూడా పూర్తయింది. రేకుల కప్పు మీద వాన పడుతుంటే లోపల ఎక్కడ కారుతోందో విని, బియ్యం తడవకుండా గిన్నెలు పెట్టాలి. మంగవ్వ దాన్ని ఆడి, మొదటిది దీని ముందు పనికిరాదు అంది.

రెండు నెలలు దాన్ని పంపే ధైర్యం చాలలేదు. పోయిన సోమవారం, తండ్రి కస్టమర్‌కు కొలతలు తీసుకుంటుండగా, ఎవరికీ చెప్పకుండా పంపేసింది. పంపాక లేచి వెళ్లి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగింది. స్టోర్‌లో దాని పేరు పక్కన ‘పరిశీలనలో ఉంది’ అని పడింది. ఇవాళ ఎనిమిదో రోజు. ఇంకా అదే మాట ఉంది.