ఆకుపచ్చ చీటీ

మసాచుసెట్స్‌లోని ఆ చిన్న ఊరి కాలేజీలో, ప్రవేశాల ఆఫీసులో, లొరెట్టా పకెట్ ముప్పై ఏళ్ళుగా టైపిస్టు. దరఖాస్తు రాగానే ఆమె చూసేది మార్కులు కాదు, "మీ కుటుంబంలో ఇక్కడివారెవరైనా ఉన్నారా?" అన్న గడి. ఉంటే ఫైలు మీద ఆకుపచ్చ చీటీ అంటించాలి. చీటీ పడిందా, మొద్దబ్బాయి కూడా మేధావైపోతాడు! తాత పేరు తండ్రికి, తండ్రి పేరు కొడుక్కి పెట్టుకుని, చివర 'మూడోవాడు' అని తగిలించుకోవడమే వాళ్ళు పడ్డ కష్టం. ఎప్పుడైనా అలాంటివాడికి సీటు దక్కకపోతే, ఆ ఇంటికి మేలురకం కాగితం మీద ప్రత్యేకంగా ఒక ఉత్తరం వెళ్ళేది. మిగతావాళ్ళకి అచ్చేసిన మూడు ముక్కలు చాలు.

ఆ ఏడు లొరెట్టా కూతురు డెనీస్ దరఖాస్తు పెట్టింది. ఊరి బడిలో దానిదే మొదటి స్థానం. కానీ ఆ గడిలో అది రాసింది తల్లి కంటపడింది: "ముత్తాత మీ ప్రార్థనామందిరానికి రాళ్ళు మోశాడు. అమ్మమ్మ మీ భోజనశాలలో వండింది. అమ్మ మీ ఉత్తరాలు టైపు కొడుతోంది."

"ఏమే, మతిపోయిందా? వాళ్ళడిగింది చదివినవాళ్ళ గురించే, మోసినవాళ్ళ గురించి కాదు!"

"అబద్ధమేముందమ్మా? మనవి మూడు తరాలు. నాతోపాటు దరఖాస్తు పెట్టిన ఆ ప్రెస్కాట్ మూడోవాడి వెనక ఉన్నవి రెండే."

మర్నాడు లొరెట్టా గుండె చిక్కబట్టుకుని ఫైలు తీసుకెళ్ళి పై అధికారి విట్‌కోమ్ ముందు పెట్టింది. "దీనికి చీటీ వేయొచ్చా సార్?"

ఆయన చదివి హాయిగా నవ్వాడు. "గడుసు పిల్లే! కానీ పట్టా ఉండాలి కదా లొరెట్టా. అయినా మీరంతా మా ఇంటి మనుషులే."

ఇంటి మనుషులే, ఇంటి బిడ్డలు మాత్రం కారు. అలా అనుకుంటూ లొరెట్టా చీటీ లేని ఫైలు తీసుకుని తన బల్ల దగ్గరికి వచ్చేసింది.

ఏప్రిల్‌లో జాబితా వచ్చింది. ప్రెస్కాట్ మూడోవాడు ఉన్నాడు. డెనీస్ లేదు.

లొరెట్టా అచ్చు కాగితం పక్కకు నెట్టేసి, మేలురకం కాగితం మిషనుకెక్కించింది. విట్‌కోమ్ ఎప్పట్లాగే చదవకుండా సంతకం చేశాడు.

ఇంట్లో బఠానీ సూపు చల్లారిపోతుంటే డెనీస్ ఆ ఉత్తరం పైకి చదివింది. "'మీ కుటుంబం తరతరాలుగా ఈ కాలేజీకి చేసిన సేవను ఎన్నటికీ మరువలేము.' ఇది నువ్వే రాశావు కదమ్మా?"

"టైపు కొట్టానంతే. ముప్పై ఏళ్ళుగా ఆ చీటీవాళ్ళకి సీటు దక్కనప్పుడు పంపే ఉత్తరమేనే ఇది. ఒక్క మాట కూడా మార్చాల్సిన పని పడలేదు" అని లొరెట్టా బావురుమంది.