ఇటలీ బండి, వెనక సీటు

మీ స్కూటరు ముందు భాగంలో, కాళ్లు పెట్టుకునే చోట, అంత ఖాళీ ఎందుకు వదిలారో ఎప్పుడైనా ఆలోచించారా? గ్యాస్ బండ పెట్టుకోవడానికే అనుకుంటున్నారు కదూ?

తొంభైల మొదట్లో నేను నర్సీపట్నంలో అసిస్టెంట్ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేరాను. హోదా ఏదైనా జనానికి మేమంతా బ్రేక్ ఇన్‌స్పెక్టర్లమే. కొన్ని రోజులు బండ్ల తనిఖీ, కొన్ని రోజులు లైసెన్సు పరీక్షలు. బలిఘట్టం పోయే దారిలో ఒక ఖాళీ స్థలంలో సున్నంతో ఎనిమిది అంకె గీయించేవాళ్లం. కాలు కింద పెట్టకుండా ఆ గీత వెంట బండి తిప్పితే పాసు.

ఒక ఉదయం ఓ తెలుగు మాస్టారు తన భార్యను పరీక్షకు తీసుకొచ్చారు. ఆమె పేరు సత్యవతి. టౌనులోనే ప్రాథమిక పాఠశాలలో టీచరు. రోలుగుంట అవతల ఒక హైస్కూలుకు ఆమెకు ప్రమోషను రాబోతోంది. బడి వేళకు ఆ ఊరు చేర్చే బస్సు లేదు. బండి నడపగలిగితేనే ఆ ప్రమోషను. అందుకని మాస్టారే తన స్కూటరు మీద ఆమెకు స్వయంగా నేర్పించారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

వరసలో నిలబడి ఆయన తనకిష్టమైన మాటొకటి చెప్పారు. ఎవరో విదేశీయుడు మన తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అన్నాడట. ఆ మాటంటే నాకు మొదటినుంచీ చిరాకే. పరాయివాడు మెచ్చుకుంటే తప్ప మనకు మన భాష మీద ప్రేమ పుట్టదా? అయినా ఆ రోజు వాదించలేదు. మీ స్కూటరు పుట్టిల్లు కూడా ఇటలీయే మాస్టారూ అన్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న దేశంలో, విమానాల పని తెలిసిన ఇంజనీరు గీసిన బండి అది. ముందు చక్రాన్ని ఒక పక్కనే పట్టి ఉంచే ఏర్పాటు విమానం నుంచి వచ్చిందే. ఇంజనుకు రేకు తొడిగింది బట్టలకు నూనె అంటకుండా. బురద చిందకుండా ముందు అడ్డురేకు. కాలెత్తి అవతలికి వేయాల్సిన పని లేకుండా ముందు ఖాళీ. గౌను తొడుక్కున్న ఆడమనిషి కూడా సులువుగా ఎక్కి తానే నడుపుకోవాలని ఆ ఏర్పాటు. ఇంజను రొదకు, సన్నని నడుముకు తగ్గట్టు దానికి వాళ్ల భాషలో కందిరీగ అని పేరు పెట్టారు. మన ఫ్యాక్టరీలు ఆ నమూనానే మనకు తెచ్చాయి.

“అయితే మన భాషకీ ఈ బండికీ వియ్యం కలిసిందన్నమాట!” అని మాస్టారు మురిసిపోయారు.

సత్యవతిగారి వంతు వచ్చింది. ఆ రోజుల్లో స్కూటరును ఒక పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి తన్నడం మనవాళ్లకు పూజలాంటిది. చూస్తున్న లారీ డ్రైవర్లు “వంచండమ్మా, వంచి తన్నండి!” అని అరిచారు. ఆమె వంచలేదు. చోక్ లాగి తన్నింది. బండి స్టార్టయింది. ఎనిమిది అంకె ఎక్కడా గీత తప్పకుండా తిప్పి, నా ముందు ఆపింది. నేను పాసు అని రాశాను.

అప్పుడే వెనకనుంచి ఒక గొంతు లేచింది. “ఏటి మాస్టారూ, రేపట్నించి తమరు ఎనకాల కూకుంటారేటి? అమ్మగారి కొంగు గట్టిగా పట్టుకోండి, పడిపోగలరు!”

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వబోయారు, కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “ఎండెక్కుతోంది, బేగి పోదాం,” అంటూ ఆమె చేతిలోంచి తాళం తీసుకుని ముందు కూర్చున్నారు. ఆమె వెనక ఒకవైపుకు కాళ్లు పెట్టి కూర్చుంది.

కొన్నాళ్లకు టీ కొట్టు దగ్గర మాస్టారు కనిపించారు. ఆమె ప్రమోషను వదులుకుంటున్నట్టు రాసిచ్చిందని చెప్పారు. నాకు కోపం ఆగలేదు. ఇటలీతో పోల్చిన పొగడ్త కావాలి, ఇటలీవాడి బండి కావాలి, ఆ బండి ఎవరు నడపాలని చేశారో ఆ ఆలోచన మాత్రం అక్కర్లేదా అని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, “మీరు చెప్పింది నిజమే సార్. కానీ నిజం వేరు, ఊరు వేరు. రోజూ ఊరి సెంటర్లోంచి పోవాల్సింది నేను,” అన్నారు. దుర్మార్గుడైతే గట్టిగా పోట్లాడేవాణ్ణి. నవ్వుకు భయపడే మంచివాడితో ఏ తర్కమూ పనిచేయలేదు.

చాలా ఏళ్ల తర్వాత, రిటైరయ్యే ముందు, ఇన్‌స్పెక్టరుగా మళ్లీ అదే ఆఫీసుకు వచ్చాను. లైసెన్సు రెన్యువల్‌కు సత్యవతిగారు వచ్చారు. ఇంకా ప్రాథమిక పాఠశాలలోనే ఉన్నారు. బండి బాగా నడుపుతున్నారా అని అడిగాను.

“ఎక్కడండీ? ఆ రోజు మీ ముందర తిప్పిన ఎనిమిదే. మళ్లీ ముట్టుకోలేదు.”

“మరి రెన్యువల్ దేనికమ్మా?”

“బ్యాంకులో గుర్తింపు కార్డు కింద పనికొస్తాదండి,” అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇన్నేళ్ల సర్వీసులో నేను ప్రతి బండికీ తప్పకుండా చూసినవి కొన్నున్నాయి. వెనక కూర్చున్నవారు పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆనిక, చీర చక్రంలో పడకుండా గార్డు. అవి అవసరమే, ప్రాణాలు కాపాడాయి. కానీ వెనక కూర్చునే ఆడమనిషి కోసం ఇంత వివరంగా నిబంధనలు రాసుకున్న మనం, ఆమెను ముందు కూర్చోబెట్టడానికి వచ్చిన బండికి గ్యాస్ బండ ఎక్కించాం. నమూనాను ఓడమీద తెచ్చుకోవచ్చు, దాని వెనకున్న ఆలోచన మాత్రం తనంతట తాను దిగుమతి కాదు. లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వం, తాళం ఇచ్చేది ఇల్లు. ఆ పరీక్ష రోజు ఉదయం నాకు తెలిసొచ్చింది ఇదే.

ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో బండి తాళం ఏ జేబులో ఉందో చూడండి. ఇంట్లో ఆవిడకు లైసెన్సు ఉంటే తాళం ఆమె చేతికివ్వండి, లేకపోతే రేపే నేర్పించడం మొదలుపెట్టండి. పట్టపగలు, సెంటరు మీదుగానే పోండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మీరు వెనక కూర్చోండి.