తీసెయ్యనివ్వని కెమెరామన్

తాండూరులో నాకు పని నేర్పిన కెమెరామన్ కెమెరా కార్డులోంచి ఒక్క క్లిప్పూ తీసెయ్యనిచ్చేవాడు కాదు. కెమెరా ఆపడం మరిచి నేలంతా తీసినా, "ఉండనీ తమ్మీ, పనికొస్తది" అనేవాడు. వాటన్నిటికీ పేర్లు పెట్టి, వరుసలో పేర్చలేక నాకు విసుగొచ్చేది.

పెద్దేముల్‌లో ఒక పెళ్లి. సరిగ్గా తాళి కట్టే ముందు కార్డు నిండిపోయింది. రెండో కార్డు అప్పటికే నిండింది.

"అన్నా, గీ వంటగిన్నెలు తీసేస్తున్న."

"వద్దు! ఎనక పిల్ల తాత ఉన్నడు."

"మరి గొర్లు?"

"అవి ఆళ్ల గొర్లేరా. ఉండనీ."

"తాళి వద్దా నీకు?" అని అరిచాను. బాజాలు జోరందుకున్నాయి. తర్వాతి క్లిప్పు నొక్కాను. ఎదుర్కోళ్లలో ఆయన డాన్సు చేస్తుంటే నేను తీసింది.

"గది తీసెయ్. నన్నెవడు చూస్తడు?" అన్నాడు వెంటనే.

తీసేశాను. తాళి కట్టడం మొత్తం రికార్డయింది. ఆయన కనిపించే క్లిప్పు మా దగ్గర అదొక్కటే ఉండేది.