చోడవరం హాలంతా నోటితో వాయించిన గిటారు

మా యేసురత్నం మావయ్య ఫోన్ చేసి, "శనివారం వచ్చీవే గుంటా, ఇదే ఆఖరిసారేమో" అన్నాడు. మావయ్య చోడవరంలో ఒక రాక్ బ్యాండుకి లీడ్ గిటారిస్టు. అవును, చోడవరంలోనే! చెరుకు పండే ఊళ్లో రాక్ ఏమిటని నవ్వేవాళ్లు ముందు నవ్వేయండి, నేను ఆగుతాను. పోయినేడు పక్షవాతం వచ్చాక ఆయన ఎడమ చేతిలో రెండు వేళ్లు సరిగ్గా వంగడం లేదు. బ్యాండు ఏటా పెట్టే సంగీత సాయంత్రంలో ఈసారి గిటారు ఒక్కటే పలికే సోలో చివరిదాకా వాయించలేకపోతే గిటారు చర్చి పిల్లలకిచ్చేస్తానని అందరి ముందూ శపథం చేశాడు. గిటారు లేని మావయ్యని ఊహించుకోవడం నా వల్ల కాదు. అందుకే బయల్దేరాను.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో మధ్యాహ్నం రెండింటికి బస్సెక్కాను. పెందుర్తి, సబ్బవరం మీదుగా సుమారు రెండు గంటల దారి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి ఛార్జీ లేదు, మగవాళ్లకి వంద నోటిస్తే చిల్లర కూడా వస్తుంది. సబ్బవరం దాటాక రోడ్డుకి రెండు వైపులా పచ్చగా ఉంటుంది, కిటికీ సీటు దొరికితే వదలకండి. చోడవరంలో దిగి, కల్యాణ మండపానికి యాభైకి ఆటో మాట్లాడుకున్నాను.

"గిటారు పోగ్రామ్‌కేనా అమ్మా? రత్నంగారి సెయ్యి ఎలాగుందో ఏటో!" అన్నాడు డ్రైవరు.

"ఆయన మీకు తెలుసా?"

"ఎరగనోడెవడమ్మా? ఆ ఇంగ్లీషు పాటొకటుంది సూడండీ..." అంటూ హ్యాండిల్ మీద వేళ్లు ఆడిస్తూ, నోటితోనే "టాడడా డాం" అని గిటారు అందుకున్నాడు. పాటలో మాటలేమిటో తెలుసా అని అడిగితే, "మాటలెవడిక్కావాలమ్మా! గిటారైతే మా ఇంట్లో మూడేళ్ల గుంటకి కూడా వచ్చు" అని నవ్వాడు.

ఆ పాట సంగతి చెప్పాలి. మావయ్య కుర్రతనంలో, ఓడల్లో పనిచేసే స్నేహితుడొకడు విదేశీ క్యాసెట్ ఒకటి కాపీ చేసి ఇచ్చాడు. సరిగ్గా సోలో మధ్యలో టేపు అయిపోయింది. మిగతా సగం ఎలా ఉంటుందో ఊళ్లో ఎవరికీ తెలియదు, కనుక్కునే దారీ లేదు. మావయ్య ఊరుకుంటాడా? మిగతాది సొంతంగా కట్టేశాడు. ఎన్నో ఏళ్లకి అసలు పాట పూర్తిగా నా ఫోన్లో వినిపించాను. కళ్లు మూసుకుని విని, "బాగానే వాయించేడు పాపం. గానీ సివర్న తేలిపోయింది, మనదే బాగుంది" అన్నాడు. ఆ ధీమా చూసి నాకు నవ్వాగలేదు.

మండపం గుమ్మంలోనే మావయ్య భార్య సుగుణత్త నా చెయ్యి పట్టుకుంది. "వాయించొద్దని మీ మావయ్యకి నువ్వైనా సెప్పవే. ఇంట్లో ఒక్కసారీ సివరిదాకా రాలేదు. నలుగుర్లో తల దించుకుంటే నేను సూడలేను." ఆమె కళ్లలో నీళ్లు. పక్కనే డ్రమ్ములు బిగిస్తున్న అప్పలనాయుడు, పొద్దున్నంతా చెరుకు తోటలో పని చూసుకుని వచ్చిన మనిషి, "ఊరుకో సెల్లెమ్మా. ఆడు ఆగినా నేనాగను" అన్నాడు.

ఐదింటికన్న కార్యక్రమం ఆరున్నరకి మొదలైంది. ఆ పాట రాగానే హాలంతా నిటారుగా కూర్చుంది. క్యాసెట్‌లో ఉన్నంతవరకూ మావయ్య దర్జాగా లాగించేశాడు. తన సొంత సగంలోకి అడుగు పెట్టగానే ఉంగరపు వేలు మొరాయించింది. ఒక స్వరం చచ్చింది, ఇంకోటి చచ్చింది, గిటారు ఆగిపోయింది. అప్పలనాయుడు మాత్రం ఆపలేదు. మావయ్య తల వంచుకుని గిటారు బెల్టు భుజం మీంచి తియ్యబోయాడు.

అప్పుడు మొదటి వరసలోంచి ఒక గొంతు, "టాడడా డాం!" తిరిగి చూస్తే సుగుణత్త! కొంగు నడుముకి దోపుకుని నిలబడి, మొగుడు ఆపిన చోటి నుంచి సోలో అందుకుంది. ఆమె వెనక వరస, దాని వెనక వరస, వంటవాళ్లు, ఆటోవాళ్లు. హాలు హాలంతా నోటితో గిటారు వాయిస్తోంది! మావయ్య తలెత్తి చూశాడు. మొండికేసిన వేళ్లని వదిలేసి, మిగిలిన రెండు వేళ్లనే తీగ మీద పైకీ కిందికీ జార్చడం మొదలుపెట్టాడు. ఒక్కో స్వరం కొంచెం ఆలస్యంగా, కొంచెం వంకరగా వచ్చింది, అయినా అన్నీ వచ్చాయి. ఆఖరి స్వరం పడేసరికి నేను కుర్చీ మీదకెక్కి ఈల వేస్తున్నాను. మావయ్య మైకు లాక్కుని, రొప్పుతూ, "సర్చి పిల్లలూ, మీకు కొత్తది కొనిత్తాను. ఇది నాది!" అన్నాడు.

ఈ పాత రాక్ పాటలు మనిషిని ఎందుకు వదలవని చాలామంది అడుగుతారు. వయసులో విన్నవి కాబట్టి అంటారు, హోరు అంటారు. అదీ నిజమే. నాకైతే ఆ సాయంత్రం ఇంకో జవాబు దొరికింది. ఆ పాటల్లో పాడేవాడు కాసేపు పక్కకి తప్పుకుని గిటారుకి చోటిస్తాడు. అది పలికేదానికి ఏ భాషా అడ్డు రాదు, నోరున్న ప్రతివాడూ అందుకోవచ్చు. అలా ఒకసారి అందుకున్న పాట వాయించేవాడొక్కడిదే కాదు. అతని చెయ్యి ఆగిన రోజున మోయడానికి ఊరంతా ఉంటుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సలహా. బజార్లో మాడుగుల హల్వా తప్పకుండా కొనుక్కోండి, కానీ సోలో మొదలయ్యేలోపే తినేయండి. అప్పుడు మీ నోటితో అక్కడ పనుంటుంది.