ఢిల్లీ దాకా పోబోయిన మెట్టు రాయి

ఉద్యోగం కొత్తగా, జుట్టు ఒత్తుగా ఉన్న రోజుల్లో మనం చేసే ప్రతి పనీ దేశానికి చాలా అవసరమని అనిపిస్తుంది. నాకూ అనిపించేది. అప్పుడు నేను వికారాబాద్‌లో, స్టేషన్‌కి కొంచెం ఎడంగా, ఒకప్పుడు గోదాముగా వాడిన పొడుగాటి హాల్లో నడిచే ఓ చిన్న మ్యూజియంలో సహాయకుణ్ణి. సహాయకుడు అన్నది జీతం ఇచ్చేటప్పటి మాట. తక్కిన వేళల్లో పొద్దున తాళం తీసేది, ఊడ్చేది, బడిపిల్లలొస్తే గైడుగా మారేది, కరెంటు పోతే ఫ్యూజు వేసేది, సారుకు చాయ్ తెప్పించేది (తెప్పించడానికి ఇంకెవరూ లేరు కాబట్టి తెచ్చేది) అంతా నేనే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పోగుచేసిన ఇసుర్రాళ్లు, రోళ్లు, పాత గొంగళ్లు, చాటలు, గంపలు మా ఆస్తి. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగంమంది "ఇది మా ఇంట్ల గూడ ఉన్నది" అనేసి ఫ్యాన్ కింద కూర్చునేవాళ్లు.

మా పైన ఒక సారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన వెనకాల బడిపిల్లల దగ్గర్నుంచి అందరం గ్లౌజుల సారు అనేవాళ్లం. ఏ వస్తువునైనా తెల్ల గ్లౌజులు తొడుక్కునే ముట్టాలని ఆయన నియమం. చెమట తగిలితే పాతవస్తువు పాడవుతుందట. నూరేళ్లు కారం నూరిన రోలుకు నా చెమట ఏం చేస్తుందని ఒకసారి అడిగాను. "నోరు మూసుకొని తొడుక్కోవయ్యా" అన్నారు. అలాంటి సారుకు, చిన్న మ్యూజియాలకిచ్చే జాతీయ అవార్డుకు దరఖాస్తులు అడుగుతున్నారని తెలిసింది. ఇక చూడాలి ఆయన్ని. నడక మారింది. చొక్కా ఇస్త్రీ మారింది. మా రాళ్లన్నింటినీ కలిపి "ఇంటి రాళ్లు" అని ఒక గ్యాలరీ చేసి పోటీకి పెడదామన్నారు. అన్నీ ఉన్నాయి గానీ నడుమ పెట్టడానికి, చూడగానే మనిషి ఆగిపోయే రాయి ఒకటి కావాలన్నారు.

ఆ రాయి నాకు తెలుసు. తాండూరులో మా మామ (అంటే మా అమ్మ తమ్ముడు) ఉండే గల్లీలోనే మా అమ్మకు చిన్ననాటి దోస్తు ఒకామె ఉంది. గల్లీ అంతా ఆమెను ఖాలా (అంటే పిన్ని) అంటుంది, నేనూ అంతే. ఆమె ఇంటి ముందర జానెడు మందం నీలి బండ ఒకటి మెట్టుగా ఉండేది. ఆమె అత్తగారి అత్తగారి కాలం నుంచీ తొక్కీ తొక్కీ నడిమధ్య పళ్లెంలా గుంత పడింది. వానపడితే అందులో నీళ్లు నిలిచి పిచ్చుకలు తాగేవి. ఖాలా పాదం ఆ గుంతలో ఉండగా నేను తీసిన ఫోటోనే దరఖాస్తుతోపాటు పోయింది. ఫోటో చూసి సారు మొదటిసారి నన్ను "బాబూ" అన్నారు.

కానీ రాయి ఇవ్వమంటే ఖాలా మెత్తబడలేదు. కారణముంది. ఆమెకు రెండు కళ్లూ మసకలు. గల్లీలో ఇళ్లన్నీ ఒకే తీరు, అదే బండగోడ, అదే ఆకుపచ్చ తలుపు. తన ఇల్లేదో ఆమెకు కాలే చెప్పాలి. పాదం గుంతలో పడితే ఇల్లు, పడకపోతే పక్కవాళ్లది. "అది పత్థర్ గాదు బేటా, నా కండ్లు. కండ్లు ఎవలన్న తీసిస్తరా?" అనేసింది. నేను రైలెక్కి తిరిగొచ్చాను. అయితే మురికికాలువ పని మొదలై, కాలువవాళ్లే గడ్డపారలతో ఆ మెట్టును లేపి పక్కన పెట్టేశారు. పని అయ్యేదాకా అక్కడ చెక్కపలకే. సందు దొరికింది కదా అని మళ్లీ వెళ్లి బతిమాలాను. ఖాలా చాలాసేపు గుంతను చేత్తో తడిమి, "మోరీ పని అయినంక నా పత్థర్ నాకు రావాలె. గట్లనే రావాలె. ఇంచు గూడ ఫరక్ రావొద్దు. ఒట్టేస్తవా?" అంది. వేశాను. వయసులో ఒట్లు వేయడం చాలా సులువు.

అవార్డు వాళ్ల తరఫున చూడటానికి ఢిల్లీ నుంచి ఒక మేడం వస్తున్నదని కబురొచ్చిన రోజు, ఆ రాయి ఇంకా తాండూరులోనే ఉంది. మర్నాడే రాక. నేను రైలెక్కి పరుగున వెళ్లాను. హమాలీలను పట్టుకుని మా మామ పాలిష్ మిషన్ల షెడ్డు దాకా చేర్చేసరికి సాయంత్రమైంది. ట్రాలీ ఆటో పొద్దున గానీ రానన్నాడు. "ఈడ పెట్టిపోరా అల్లుడా, ఫికర్ చెయ్యకు. పొద్దుగాల్ల మంచిగ కట్టి పంపుత" అన్నాడు మామ. "ఏందిది, ఎందుకు?" అని అడిగితే, నేషనల్ అవార్డు, ఢిల్లీ, మేడం అని కొంచెం గొప్పగానే చెప్పాను. మామ కళ్లు పెద్దవయ్యాయి. "మన తాండూరు బండకా? నేషనలా?" అని రాయి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు, ఆకలేస్తోంది.

పొద్దున రాయి గోనెసంచుల్లో, వరిగడ్డిలో, తాళ్లతో పెళ్లికొడుకులాగ ముస్తాబై ఆటోలో ఉంది. వికారాబాద్ చేరి, హాలు నడుమ సారు ముందే పోయించిన ఇసుక మీద హమాలీలు కట్టుతోసహా దించారు. నేను తాళ్లు విప్పబోతే సారు ఆపారు. "ఆగవయ్యా. మేడం ముందర విప్పుదాం. దుమ్ము పడదు, చూసేటానికి గూడ బాగుంటది." పక్కనే పెద్ద అక్షరాల బోర్డు: తరాల పాదాలు అరగదీసిన మెట్టు. దాని కింద ఖాలా పాదం ఫోటో.

మేడం వచ్చింది. నేత చీర, నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, ఏదీ తొందరపడి మెచ్చుకోని రకం. ఒక్కో రోలూ ఒక్కో ఇసుర్రాయీ చూసుకుంటూ నడుమకొచ్చింది. సారు కొత్త గ్లౌజులు తొడుక్కుని, కత్తెరతో తాళ్లు కోసి, మీది గోనెసంచిని ఒక్క ఊపులో లాగారు.

రాయి ధగధగ మెరిసింది. పైకప్పు, ట్యూబులైటు, ఫ్యాను తిరగడం, అన్నీ అందులో కనిపించాయి. వంగి చూస్తే ఒత్తు జుట్టుతో నోరు తెరుచుకున్న ఒక కుర్రాడి ముఖం కూడా కనిపించింది. అది నాదేనని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. గుంత లేదు, పాదం లేదు, పిచ్చుకల నీళ్లు లేవు. కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు హాల్లో పరిపించుకునే బండ.

తాండూరులో పుట్టినవాడిని, నాకు వెంటనే అర్థమైంది. అక్కడ ఏ రాయైనా ఊరు దాటి పోతోందంటే పాలిష్ పట్టకుండా పంపరు. మోటు మొహంతో రాయిని పంపడమంటే పిల్లను తల దువ్వకుండా బడికి పంపడమే. నేషనల్ అవార్డంటే మామ ఊరుకుంటాడా! మీకు నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నాకు అవార్డు గుర్తుకే రాలేదు. మసక కళ్లతో, ఆకుపచ్చ తలుపుల వరసలో, కాలుతో ఇల్లు వెతుక్కుంటూ ఖాలా కనిపించింది. ఏడుపొచ్చింది. అంతే, ఇంకేం లేదు.

మేడం ఫోటో చూసింది, రాయి చూసింది, మళ్లీ ఫోటో చూసింది. "యే తో నయా హై" అంది, ఇది కొత్తదే కదా అని. సారు ముఖంలో నెత్తురు లేదు, అయినా చరిత్ర చెప్పిన నోరు కదా, ఆగలేదు. "మేడమ్... పాదాలు అందర్ మే హై. ఆంఖ్ సే నహీ... దిల్ సే దేఖ్‌నా" అన్నారు. (కంటితో కాదు, మనసుతో చూడాలని భావం. సారు హిందీ ఎప్పుడూ అంతే, కానీ ఆ రోజు మరీ దిక్కులేనిదైపోయింది.) మేడం కళ్లద్దాలు పైకి తోసుకుని, దిల్‌తో చూసే ప్రయత్నమేదో చేస్తోంది. నేను గొంగళ్ల వెనక్కి వెళ్లి మామకు ఫోన్ కొట్టాను.

"ఎట్లుందిరా? మెరుస్తున్నదా?" అన్నాడు మామ, మిషన్ల చప్పుడులో అరుస్తూ.

"మామా, నన్ను సంపినవు మామా! గుంత ఏడబోయింది?"

"గుంత ఏడికి పోతది? కిందికి ఉన్నది."

"కిందికంటే?"

"అరే, మీది బాజు అంతా గుంతనేనాయె. మిషన్ పెడితే పట్టుకుంటదా? ఎంత జేసినా తిరుగలే. ఖరాబైన బాజు కిందికేసి, మంచి బాజుకు పాలిష్ పట్టి మీదికి పెట్టిన. పక్కలు గూడ సీదా కోద్దామనుకున్న గానీ అంతల్నే కరెంటు పాయె. సారు నారాజైండా? రెండు బాజులు చెయ్యలేదనా?"

మా మామను అప్పుడు ముద్దు పెట్టుకోవాలనిపించింది. కరెంటు ఆఫీసువాళ్లను కూడా. ఫోన్ జేబులో పడేసి హాల్లోకి ఉరికి, "సార్, తిరగెయ్యండి! తిరగెయ్యండి సార్!" అని కేకపెట్టాను. నాకు మతి చలించిందనుకున్నారు సారు. తర్వాత నా ముఖం చూసి ఏదో అర్థమై వంగారు. సారు, నేను, ఎదుటి గోదాము వాచ్‌మన్, మేడం కారు డ్రైవరు నలుగురం పట్టుకున్నాం. గ్లౌజులు నున్నటి పాలిష్ మీద జారిపోతున్నాయి, రాయి లేవదు. "చల్ తీ!" అని సారు గ్లౌజులు రెండూ లాగి విసిరేశారు. (ఆయన ఉత్త చేతులు చూడటం నాకదే మొదలు. మా చేతులంత మామూలుగానే ఉన్నాయి.) హైలెస్సా అంటూ ఎత్తి, పక్కకు నిలబెట్టి, అమ్మయ్యా అని అటువైపు వాల్చాం. గుంత. నిండా వరిగడ్డి అంటుకుని, అచ్చం ఖాలా గుంత. నేను దాన్ని చేత్తో తుడుస్తూ ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు, సారుకు మాత్రం గుర్తుందట, చెప్పరు.

మేడం చెప్పులు విడిచింది. అడగకుండా, చెప్పకుండా, పాదం తీసుకెళ్లి గుంతలో పెట్టింది. పెట్టి అలాగే నిలబడింది. ఎక్కడి ఢిల్లీ పాదమో, సరిగ్గా సరిపోయింది. తర్వాత సారుతో చాలాసేపు మాట్లాడింది. ఒకే రాయిలో ఒక ముఖం బజారుది, ఒక ముఖం ఇంటిది, ముందు అది చూపించి తర్వాత ఇది చూపించడం గొప్ప ఆలోచనట. సారు గొంతు సవరించుకుని, "మా ఉద్దేశం గూడ అదే" అన్నారు. నేను నేలమీద పడిన గ్లౌజులు ఏరుకుంటున్నాను. పోతూ పోతూ మేడం ఇంకో మాట అంది: గెలిచిన వస్తువును ఢిల్లీలో ఏడాదిపాటు ప్రదర్శనకు పెడతారని.

ఏడాది! అక్కడ కాలువ పని అయిపోవచ్చింది. ఖాలా అప్పటికే రెండు మూడుసార్లు పక్కింట్లోకి వెళ్లి మంచం మీద కూర్చుని, "కోడలా, చాయ్ వెట్టు" అన్నదట. పక్కింటామె పాపం ఏమీ అనక పెట్టి ఇచ్చిందట. వెళ్లిన ప్రతిసారీ నన్ను పట్టుకుని, "క్యా బేటా, నా పత్థర్ ఢిల్లీ పోతదంటున్నరు గదా?" అని అడిగేది. "లేదు ఖాలా, ఏడికి పోదు" అనేవాణ్ణి. సారుతో చెబుదామంటే ఆయన ఆ అవార్డు కోసం నిద్ర మానుకున్నారు. ఒక శనివారం అనంతగిరి కొండమీద గుడికి వెళితే సారు అక్కడే, చేతిలో కొబ్బరికాయ. నా చేతిలోనూ కొబ్బరికాయే. "మన అవార్డు కోసమే గదా?" అన్నారు సంతోషంగా. "దానికోసమే సార్" అన్నాను. ఇద్దరం పక్కపక్కన నిలబడి కొట్టాం. ఒకే దేవుడు, ఒకే అవార్డు. ఒకరు రావాలని, ఒకరు రావద్దని. ఆ దేవుడెంత ఇబ్బంది పడ్డాడో పాపం.

నా కొబ్బరికాయే మంచిదైందని కొన్నాళ్లకు తేలింది. అవార్డు వేరే రాష్ట్రం వాళ్లకు పోయింది. మాకు మెచ్చుకోలు పత్రం ఒకటొచ్చింది, రాయి రెండు ముఖాలనూ చూపిన తీరు అపూర్వమని. సారు రెండ్రోజులు గ్లౌజులు ముట్టలేదు. మూడోరోజు ఆ పత్రానికి ఫ్రేము కట్టించి గోడకు కొట్టించి, "ఆటో పిలువవయ్యా. ఆమె రాయి ఆమెకు ఇచ్చొద్దాం. నేను గూడ వస్త" అన్నారు. నేను బయటికి వచ్చి, గోడ వెనక నిలబడి, కడుపునిండా గాలి పీల్చుకున్నాను. ఎన్నాళ్లయిందో అలా పీల్చుకుని.

తాండూరులో గల్లీ అంతా చేరింది. మామ వచ్చి, మెరుపు మీదికి పెట్టాలని ఒకటే గొడవ. "ఫ్రీగ చేసిన గదరా! నలుగురు చూడాలె గద!" అందరం కలిసి ఆయన్ని పక్కకు తప్పించి, గుంత మీదికొచ్చేలా కొత్త కాలువ పక్కన మన్నులోకి రాయిని దించాం. ఖాలా తలుపు పట్టుకుని బయటికి వచ్చింది. ఎవరూ ఏమీ అనొద్దని చెయ్యి ఊపింది. వీధిలోకి దిగి, నాలుగిళ్లు అవతలికి పోయి, వెనక్కి తిరిగి, గోడ పట్టుకోకుండా నడిచి వచ్చింది. పక్కింటి ముందర ఆగింది, కాలు పెట్టింది, తల అడ్డంగా ఊపి "నక్కో" అంది. ముందుకొచ్చి మళ్లీ కాలు పెట్టింది. పాదం గుంతలోకి దిగింది. మడమను అటూ ఇటూ తిప్పి చూసుకుంది, నా ఒట్టును తనిఖీ చేస్తున్నట్టు.

"హౌ. ఇది నా ఇల్లే" అంది.

పక్కింటామె నవ్వుతూ, "ఇగ మా ఇంటికి చాయ్‌కు రావా ఖాలా?" అంది. "వస్త. ఇగ తెలిసే వస్త" అని ఖాలా లోపలికి పోయింది. సారు మాత్రం కళ్లలో ఏదో పడ్డదని చేతిరుమాలు తీశారు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో పెద్ద మ్యూజియంలో ఉన్నాను. మెడలో కార్డు, చేతులకు గ్లౌజులు. నా వెనకాల కుర్రాళ్లు నాకేం పేరు పెట్టారో ఊహించగలను. అవార్డుల దరఖాస్తులు వచ్చినప్పుడల్లా వాళ్ల నడక మారడం చూస్తాను. తాండూరు వెళ్లినప్పుడు మాత్రం ఆ మెట్టు దగ్గర చెప్పులు విడిచి ఒక్క క్షణం ఆగుతాను. మామ ఇప్పటికీ దాన్ని చూసి, "అంత మెరుపు మన్నులవాయె" అని నిట్టూరుస్తాడు. మన్నులోకి తిరిగిన ఆ మెరుపులో ఒత్తు జుట్టుతో, నోరు తెరుచుకుని, ఏడవబోతున్న ఒక కుర్రాడు ఇంకా ఉన్నాడని నాకనిపిస్తుంది. తిరగేసి చూసుకుందామని ఒకసారి మామతో అన్నాను. మామ నా నెత్తివంక చూసి, "ఎందుకురా అల్లుడా, ఇప్పుడు నీ తల గూడ గట్లనే మెరుస్తున్నది గద" అన్నాడు.